కోడిగుడ్డు మీద మన దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు, సూటిగా జవాబులు

నల్గొండ, సూర్యాపేట, పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు గుడ్డు గురించి జనం మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఒక్కచోట పెట్టాను. కొన్నిటికి రెండు ముక్కలు చాలు, కొన్నిటికి మాత్రం కొంచెం ఓపిగ్గా చదవాలి. ఏదైనా జబ్బుకు మందులు వాడుతున్నవాళ్లు ముందు మీ డాక్టర్ మాట వినండి, ఆ తర్వాతే ఇక్కడ రాసింది.

రోజూ గుడ్డు తినొచ్చా?

తినొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు రోజుకొకటి, పచ్చసొనతో సహా, టెన్షన్ లేకుండా తినొచ్చు. నాట్లు వేసేవాళ్లు, మేస్త్రీ పనికి పోయేవాళ్లు, అంటే ఒళ్లు వంచి కష్టం చేసేవాళ్లు రెండు తిన్నా ఏమీ కాదు. రోజూ తింటే పడదేమో అని భయపడేవాళ్లే ఆదివారం ఫంక్షన్‌లో మటన్ బిర్యానీ రెండుసార్లు పెట్టించుకుంటారు, అప్పుడు మాత్రం ఏ అనుమానమూ రాదు.

అసలు ఒక గుడ్డులో ఏముంటుంది?

మన కిరాణా షాపులో దొరికే గుడ్డు పెంకుతో కలిపి 50-55 గ్రాములు తూగుతుంది. అందులో 70 కేలరీల చొప్పున శక్తి, 6 గ్రాముల ప్రోటీన్, 5 గ్రాముల కొవ్వు. ప్రోటీన్ అంతా తెల్లసొనలోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు, కానీ అందులో 40 శాతం దాకా పచ్చసొనలోదే. విటమిన్ ఎ, విటమిన్ డి, బి12, కోలిన్ అనే పోషకం, సెలీనియం కూడా ఉంటాయి, వీటిలో ఎ, డి, కోలిన్ దాదాపు మొత్తం పచ్చసొనలోనే. గుడ్డులో లేనివి కూడా చెప్పుకోవాలి: పీచు లేదు, విటమిన్ సి అసలే లేదు. అందుకే గుడ్డు ఒక్కటే తింటే అన్నీ వచ్చేస్తాయి అనే మాట నమ్మొద్దు, పక్కన ఆకుకూరో, కూరగాయో, పండో ఉండాల్సిందే.

మనం పప్పు తింటున్నాం కదా, గుడ్డు ఎందుకు?

పప్పు మంచిదే, మానమని ఎవరూ చెప్పరు. అయితే నిజంగా ఎంత పప్పు తింటున్నామో ఒకసారి చూసుకోండి. పచ్చిపులుసు, చారు, తొక్కు వేసుకొని అన్నం తినే రోజులే మన ఇళ్లలో ఎక్కువ. కందిపప్పు కిలో ధర పెరిగినప్పుడల్లా ముందుగా పలుచబడేది పప్పుచారే.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ రోజూ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. అన్నం, జొన్నరొట్టె కూడా కొంత ఇస్తాయి కానీ వాటిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, ఒంటికి సరిగా పనికొచ్చేది అందువల్ల తగ్గుతుంది. పప్పు ఆ లోటు తీరుస్తుంది, గుడ్డు ఇంకా బాగా తీరుస్తుంది, ఎందుకంటే శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాలూ గుడ్డులో సరిపడా ఉంటాయి. పైగా బి12 పప్పులో ఉండదు, ఆకుకూరలో ఉండదు, జొన్నలో ఉండదు. పాలు, పెరుగు పెద్దగా వాడని ఇంట్లో బి12 వచ్చే దారి గుడ్డో, మాంసమో, చేపో. వీటిలో రోజూ కొనగలిగేది ఏది అంటే జవాబు మీకే తెలుసు. జొన్నరొట్టె మీద రెండు గుడ్ల పొరటు పెట్టుకొని, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మకాయ బద్ద ఉంటే, పెద్ద హోటల్ ప్లేటుకు ఏ మాత్రం తీసిపోని భోజనం అది.

పచ్చసొనలో కొలెస్ట్రాల్ ఉంటుంది, తీసి పారేయాలా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా.

ఒక గుడ్డులో 180-200 మిల్లీగ్రాముల దాకా కొలెస్ట్రాల్ ఉండే మాట నిజం, అదంతా పచ్చసొనలోనే ఉంటుంది. 1968లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దని, వారానికి మూడు పచ్చసొనలకు మించొద్దని చెప్పింది. ఆ మాటే ప్రపంచమంతా తిరిగి, మన డాక్టర్ల నోటా వచ్చి, ఊళ్లకూ చేరి స్థిరపడిపోయింది. తర్వాత ఏళ్లకేళ్లు పరిశోధనలు చేసి చూస్తే, తిండిలో ఉన్న కొలెస్ట్రాల్ చాలామందిలో రక్తంలోని కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచడం లేదని తేలింది. మన రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం లివర్ తయారు చేసిందే, బయట నుంచి ఎక్కువ వస్తే అది తన తయారీ కొంత తగ్గించుకుంటుంది. 2015లో అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాల నుంచి ఆ 300 మిల్లీగ్రాముల హద్దును తీసేశారు. అయినా మన దగ్గర ఇంకా తెల్లసొన తిని పచ్చసొన కుక్కకు వేసేవాళ్లున్నారు. కుక్క మాత్రం బలంగా ఉంది.

చెడ్డ కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచేవి వేరే ఉన్నాయి. వనస్పతి, మళ్లీ మళ్లీ కాచిన నూనె, బేకరీ పఫ్‌లు, మిర్చి బజ్జీలు, మాంసంలో కొవ్వు ముక్కలు. రోడ్డు పక్కన డబుల్ ఆమ్లెట్ తిని, కొలెస్ట్రాల్ పెరిగింది గుడ్డు మానేస్తా అంటే, అక్కడ పెనం మీద పోసిన నూనె సంగతేంటని నేను అడుగుతాను.

అయితే అందరి ఒళ్లూ ఒకే తీరుగా ఉండదు. కొంతమందికి తిండిలో కొలెస్ట్రాల్ పెరిగితే రక్తంలోనూ ఎక్కువగానే పెరుగుతుంది. ఇంట్లో తండ్రికో, అన్నకో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువ ఉండే కుటుంబమైతే, ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ అనే కొలెస్ట్రాల్ రక్తపరీక్ష చేయించుకొని డాక్టర్‌తో మాట్లాడుకోవడమే మంచిది.

షుగర్ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు?

గుడ్డులో పిండిపదార్థం లేనట్టే, కాబట్టి తినగానే షుగర్ పెరగదు. పొద్దున నాలుగు ఇడ్లీలు తినేచోట రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు తింటే షుగర్ ఎగిరి పడకుండా ఉంటుంది, ఆకలి కూడా తొందరగా వేయదు. కానీ ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లలో గుడ్లు ఎక్కువ తింటే గుండెకు మంచిదా కాదా అన్నదాని మీద పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. కొన్నిటిలో ఇబ్బంది కనిపించింది, కొన్నిటిలో లేదు. అందుకని షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు రోజుకు ఒకటి దాటకుండా, వారానికి కొన్ని రోజులు తెల్లసొనతో సరిపెట్టుకుంటే సేఫ్. బీపీ ఉన్నవాళ్లకు గుడ్డుతో పేచీ లేదు, దాని మీద చల్లే ఉప్పుతోనే.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు. డయాలసిస్ దాకా రానివాళ్లకు ప్రోటీన్ తగ్గించమంటారు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఎక్కువ తినమంటారు, పచ్చసొనలో భాస్వరం ఎక్కువ కాబట్టి తెల్లసొన తినమంటారు. పక్కింటాయన తింటున్నాడని మీరు తినకండి, ఆయన మానేశాడని మీరు మానకండి.

ఎండాకాలం గుడ్డు తింటే వేడి చేస్తుందా?

మన దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు కొడుతుంది, అప్పుడు ఈ భయం సహజమే. ప్రోటీన్ అరగడానికి అన్నం కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, ఆ అరుగుదలలో కాస్త వేడి పుడుతుంది, ఇంతవరకు నిజం. కానీ ఒక్క గుడ్డుకు పుట్టే వేడి లెక్కలోకి రానంత తక్కువ. దానివల్ల సెగ్గడ్డలు లేవవు, ముక్కులో నుంచి రక్తం కారదు. వేడి చేసినట్టు అనిపిస్తే, నీళ్లు సరిగా తాగకపోవడం, గుడ్డును కారం మసాలాలతో వేపుడు చేసి తినడం లాంటివి కారణం కావచ్చు. ఎండాకాలం ఉడకబెట్టింది తినండి, మజ్జిగ తాగండి, అయిపోయింది. ఈ నమ్మకం వల్ల వేసవిలో గుడ్లు కొనేవాళ్లు తగ్గి ధర కూడా తగ్గుతుంది, తినేవాళ్లకు లాభం, ఫారం రైతుకు నష్టం.

నాటుకోడి గుడ్డు మంచిదా, ఫారం గుడ్డు మంచిదా?

నాటుకోడి గుడ్డులో బలం ఎక్కువ అని మన దగ్గర చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ధర కూడా రెండు మూడింతలు ఉంటుంది. ఇప్పుడు అసలు విషయం చూద్దాం.

నాటు గుడ్డు చిన్నది, 40 గ్రాముల చొప్పున ఉంటుంది, కాబట్టి ఒక గుడ్డుకు వచ్చే ప్రోటీన్ ఫారం గుడ్డు కంటే తక్కువే. గ్రాముకు గ్రాము చూస్తే ప్రోటీన్ ఇంచుమించు సమానం. పచ్చసొన రంగు మాత్రం ముదురుగా ఉంటుంది, ఎందుకంటే ఆ కోడి పెంటదిబ్బ మీద పురుగులు, చేను గట్టున పచ్చగడ్డి, రాలిన మొక్కజొన్న గింజలు తింటుంది. మేతలో ఉండే పసుపు రంగు పదార్థాలే పచ్చసొనలోకి వస్తాయి, ఫారం కోడికి మొక్కజొన్న ఎక్కువ పెట్టినా రంగు ముదురుతుంది. బయట తిరిగి, ఎండలో ఉండి, ఆకుపసరు తిన్న కోడి గుడ్డులో విటమిన్ డి, ఒమేగా-3 అనే మంచి కొవ్వు లాంటివి కొంత ఎక్కువ ఉండొచ్చు. రుచి కూడా వేరు, అది ఎవరూ కాదనలేరు. కానీ ఒక నాటు గుడ్డు డబ్బులతో రెండు ఫారం గుడ్లు వస్తాయంటే, పిల్లలున్న ఇంటికి నేను రెండు ఫారం గుడ్లే చెప్తాను. ఇంట్లో గంప కింద కోళ్లుంటే ఇక ఆలోచించే పనే లేదు.

ఇంటి దగ్గర పెంచుకోవాలనుకునేవాళ్లకు ఇంకో మాట. అచ్చమైన ఊరకోడి ఏడాదికి పెట్టేది 60, 70 గుడ్లు. ఫారంలో గుడ్ల కోసమే పెంచే లేయర్ కోడి 300 దాటిస్తుంది. ఈ రెండింటికి మధ్యలో, పెరట్లో బతికే తీరుగా రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ అనే రకాలను తయారు చేసింది, గుడ్ల కోసమైతే గ్రామప్రియ చూడండి.

గోధుమ రంగు గుడ్డు మంచిదని సూపర్‌మార్కెట్‌లో ఎక్కువ ధరకు అమ్ముతున్నారు?

పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. పోషకాల్లో తేడా లేదు. రంగుకు డబ్బులు కట్టొద్దు. గోధుమ రంగు చూసి నాటుకోడి గుడ్డు అనుకొని కొనేవాళ్లున్నారు, అమ్మేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

పచ్చి గుడ్డు తాగితే బలం అంటారు?

ఈ మాట తాలింఖానాల కాలం నుంచి ఉంది, ఇప్పుడు జిమ్ పిల్లలు పట్టుకున్నారు. వండిన గుడ్డులో ప్రోటీన్ 90 శాతం దాకా ఒంటబడుతుంది, పచ్చిదాంట్లో సగం వరకే. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అనే పదార్థం బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేసుకొని ఒంటికి దక్కకుండా చేస్తుంది, వండితే ఆ పని ఆగిపోతుంది. అంటే పచ్చిగా తాగితే సగం బలం పోయి, పైన సాల్మొనెల్లా బ్యాక్టీరియా వచ్చే ప్రమాదం ఉచితం.

ఆ ప్రమాదం మాటలకు కాదు. 2024 అక్టోబర్ చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది, హైదరాబాద్‌లో కలుషితమైన తిండి తిని జనం ఆస్పత్రి పాలైన తర్వాత. షవర్మా, మోమోలు ఇప్పుడు మిర్యాలగూడలో, జడ్చర్లలో కూడా దొరుకుతున్నాయి కాబట్టి పక్కన ఇచ్చే తెల్ల క్రీము దేనితో చేశారో అడగండి. ఆఫ్ బాయిల్ ఇష్టమైనవాళ్లు పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు మాత్రం అలా పెట్టకండి.

సరిగా ఉడకబెట్టడం ఎలా?

చల్లనీళ్లలో గుడ్లు వేసి, నీళ్లు మరిగిన తర్వాత మంట తగ్గించి పది నిమిషాలు. దించి వెంటనే చల్లనీళ్లలో వేయాలి. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చగా, బూడిద రంగులో వలయం కనిపిస్తే ఎక్కువసేపు ఉడికిందని అర్థం, తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది. విషం కాదు, తినొచ్చు. పెంకు ఊడేటప్పుడు సగం తెల్లసొన దానికే అతుక్కొని వస్తుంటే గుడ్డు మరీ తాజాదని లెక్క, నాలుగైదు రోజులు గడిచిన గుడ్డుకు పెంకు సులువుగా వస్తుంది.

పిల్లలకు ఎప్పటి నుంచి పెట్టాలి?

ఆరు నెలలు నిండగానే. ఏడాది దాటేదాకా వద్దు, ముందు పచ్చసొన, ఆ తర్వాత తెల్లసొన అని ఒకప్పుడు చెప్పేవాళ్లు, ఇప్పుడు ఆ మాట లేదు. బాగా ఉడికిన గుడ్డును మెత్తగా చిదిపి, తల్లిపాలతోనో పప్పన్నంతోనో కలిపి కొంచెం కొంచెంగా మొదలుపెట్టండి. ముందుగా అలవాటు చేస్తేనే గుడ్డు అలర్జీ వచ్చే అవకాశం తగ్గుతుందని తెలుస్తోంది. మొదటి రెండు మూడు రోజులు పొద్దున పూట పెట్టి చూడండి, దద్దుర్లు, మూతి వాపు, వాంతులు లాంటివేమైనా వస్తే పగలే డాక్టర్ దగ్గరికి పోవచ్చు.

అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు 16 గుడ్లు, బాలామృతం అనే పోషకాహార పొడితో పాటు ఇంటికే ఇస్తారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడే రోజుకొకటి. ఏ సెంటర్‌కైనా మధ్యాహ్నం పోయి చూడండి, పిల్లలు తెల్లసొన గబగబా తినేసి పచ్చసొన గుండును ప్లేటు అంచుకు నెట్టేస్తారు, పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుందని. తెలివైన ఆయమ్మ ఏం చేస్తుందంటే, వడ్డించే ముందే పచ్చసొనను పప్పన్నంలో వేసి వేళ్లతో నలిపేస్తుంది, అన్నం పసుపు రంగుకు తిరుగుతుంది, పిల్లలు గొడవ చేయకుండా తినేస్తారు. ఇంట్లోనూ అదే చేయండి, ఎందుకంటే పిల్లల మెదడు ఎదగడానికి పనికొచ్చే కోలిన్ ఆ పక్కకు నెట్టేసిన ముక్కలోనే ఉంది.

గర్భిణులు, బాలింతలు తినొచ్చా? పత్యం అంటారు కదా.

తినాలి. తినొచ్చు అని కాదు, తినాలి. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ప్రోటీన్, బి12, కోలిన్ అవసరం పెరుగుతుంది, ఒక గుడ్డులో 140 మిల్లీగ్రాముల చొప్పున కోలిన్ ఉంటుంది, మామూలు తిండిలో ఇంత సులువుగా దొరికే చోటు ఇంకోటి లేదు. తెలంగాణ ప్రభుత్వం 2015 జనవరిలో ఆరోగ్యలక్ష్మి పథకం మొదలుపెట్టి, గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట అన్నంతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు పెట్టేది ఇందుకే.

ఇక పత్యం. కాన్పయిన తర్వాత వెల్లుల్లి కారం, మెత్తటి అన్నం మాత్రమే పెట్టి, గుడ్డు పెడితే బిడ్డకు వాతం చేస్తుంది, కుట్లు చీము పడతాయి అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పెద్దమ్మలతో వాదించి లాభం లేదు, ఆశమ్మతోనో నర్సుతోనో చెప్పించండి, వాళ్ల మాట వింటారు. కుట్లు మానడానికి కావాల్సింది ప్రోటీనే, అది ఆపేసి పుండు మానాలంటే ఎలా మానుతుంది?

ఇంట్లో గుడ్లు తక్కువుంటే ముందు ఎవరికి పెట్టాలి?

ఇలా సూటిగా ఎవరూ అడగరు, కానీ ప్రతి ఇంట్లో రోజూ జరిగే లెక్క ఇదే. నాలుగు గుడ్లు ఉడికితే ఇంటాయనకు రెండు, కొడుక్కి ఒకటి, మిగిలినదాంట్లో సగం ఆడపిల్లకు, కోడలికి పులుసు. పద్ధతి తిరగేయాలి. ఐదేళ్లలోపు పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లి, పెద్దమనిషి అయిన ఆడపిల్ల, తర్వాతే మిగతావాళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ లెక్క చూశాక కూడా గుడ్డు ముందు ఎవరి కంచంలోకి పోవాలో అని ఆలోచించక్కర్లేదు.

మరి గుడ్డు తింటే రక్తం పడుతుందా?

గుడ్డు ఒక్కదానితో పడదు. గుడ్డులో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, ఉన్నది కూడా పచ్చసొనలోని ఒక ప్రోటీన్ పట్టుకొని సరిగా ఒంటబట్టనివ్వదు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. కాబట్టి తోటకూర, కంది, శనగ, జొన్న, సజ్జ, దొరికినప్పుడు మేక కాలేయం, డాక్టర్ రాస్తే ఐరన్ మాత్ర, ఇవన్నీ ఉండాలి. గుడ్డు సాయం ఎక్కడంటే, రక్తం తయారీకి కావాల్సిన బి12, ప్రోటీన్ ఇస్తుంది.

విటమిన్ సి పక్కన ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, గుడ్డులో లేనిది కూడా అదే. మన నల్గొండ బత్తాయికి, నకిరేకల్ నిమ్మకు పేరున్న జిల్లా. లారీలకు లారీలు బయటికి పంపిస్తాం, మన ఇంట్లో పిల్లకు ఒక కాయ ఒలిచి పెట్టడం మాత్రం గుర్తుండదు. తినగానే టీ తాగే అలవాటు మానండి, ఒక గంట ఆగండి, టీ ఇనుమును అడ్డుకుంటుంది.

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో గుడ్డు తింటే ఎముకలకు మంచిదా?

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు నుంచి ఈ ప్రశ్న వస్తుంది, రావడం న్యాయమే. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచంలో నల్గొండ టెక్నిక్ అని పేరుందంటే మన బాధ ఎంత పాతదో అర్థమవుతుంది. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలకు, పళ్లకు వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుకు గుడ్డు మందు కాదు. వంగిన ఎముకను ఏ తిండీ సరిచేయదు, అందుకు ముందే తాగే నీళ్లు మారాలి. కానీ తిండిలో కాల్షియం, ప్రోటీన్, విటమిన్ సి సరిగా ఉన్న పిల్లలకు అదే నీళ్ల వల్ల జరిగే కీడు కొంత తగ్గుతుంది. గుడ్డు ప్రోటీన్, కొంచెం విటమిన్ డి ఇస్తుంది. కాల్షియం కోసం మాత్రం గుడ్డు మీద ఆధారపడొద్దు, గుడ్డులో కాల్షియం దాదాపు అంతా మనం పారేసే పెంకులో ఉంటుంది, తినే భాగంలో 25 మిల్లీగ్రాములు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు చూసుకోండి.

బరువు తగ్గడానికి?

పనికొస్తుంది. పొద్దున గుడ్డు తింటే మధ్యాహ్నం దాకా చిరుతిండి మీదికి చేయి పోదు. ఆమ్లెట్‌కు నాలుగు చెంచాల నూనె పోస్తే మాత్రం లెక్క తప్పుతుంది. జిమ్‌కు పోయేవాళ్లు రోజుకు పది తెల్లసొనలు తిని పచ్చసొనలన్నీ పారేయడం డబ్బు దండగ, మూడు నాలుగు తెల్లసొనలకు ఒకటి రెండు పచ్చసొనలు ఉంచుకోండి.

కళ్లకు, జుట్టుకు మంచిదంటారు?

పచ్చసొనలో ఉండే లుటీన్, జియాజాంథిన్ అనే పసుపు రంగు పదార్థాలు కంటి రెటీనాకు పనికొస్తాయి, విటమిన్ ఎ కూడా ఉంది. జుట్టుకు తింటేనే లాభం. తలకు పట్టించుకుంటే వాసన తప్ప పెద్దగా మిగిలేదేమీ లేదు.

గుడ్డు శాకాహారమా? లోపల పిల్ల ఉంటుందా?

ఫారంలో పుంజు ఉండదు. పుంజు లేకుండా పెట్టిన గుడ్డులో ఎన్నాళ్లు పొదిగినా పిల్ల రాదు. కొట్టినప్పుడు కనిపించే తెల్లటి తాడు పచ్చసొనను మధ్యలో నిలిపి ఉంచేది, అది పిల్ల కాదు. ఎర్రటి చుక్క కనిపిస్తే గుడ్డు తయారయ్యేటప్పుడు కోడి లోపల చిన్న రక్తనాళం చిట్లిందని, అంతే. చెంచాతో తీసేసి వండుకోవచ్చు. శాకాహారమా కాదా అన్నది మీ ఇంటి పద్ధతి, అందులో నేను దూరను. బడిలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు, అడిగి తీసుకోమని చెప్పండి.

ప్లాస్టిక్ గుడ్లు వస్తున్నాయని వాట్సాప్‌లో వీడియో వచ్చింది.

ప్లాస్టిక్ గుడ్డు లేదు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఇది అబద్ధమని చెప్పింది. గుడ్డు పాతబడి నీరు ఆరిపోతే లోపలి పొర ప్లాస్టిక్ కవర్‌లా సాగుతుంది, అదే వీడియోలో చూపించేది. అయినా ఏడెనిమిది రూపాయల గుడ్డును ప్లాస్టిక్‌తో పెంకు, పొర, రెండు రంగుల సొన అతికించి అమ్మి లాభం తీసేవాడుంటే వాడు గుడ్లెందుకు చేస్తాడు?

ఫారం కోళ్లకు హార్మోన్ సూదులు, యాంటీబయాటిక్స్ ఇస్తారట కదా?

హార్మోన్ సూదుల మాట వట్టిది. వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కొక్క కోడిని పట్టుకొని సూది వేయడం జరిగే పని కాదు, లేయర్ కోడి ఎక్కువ గుడ్లు పెట్టేది జాతి, మేత, షెడ్డులో లైటింగ్ వల్ల. యాంటీబయాటిక్స్ విషయంలో మాత్రం అనుమానం పూర్తిగా తప్పు కాదు, జబ్బు చేస్తే వాడతారు, వాడిన తర్వాత కొన్ని రోజులు గుడ్లు అమ్మకూడదనే నియమం ఉంది, దాన్ని అందరూ పాటిస్తారని నేను పూచీ ఇవ్వలేను. మనుషులకు చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్‌ను కోళ్లకు ఇవ్వకూడదని కేంద్రం 2019లోనే నిషేధించింది.

బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మానేయాలా?

2025 మొదట్లో ఆంధ్రలో, తెలంగాణలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు గుడ్లు కొనేవాళ్లు లేక షాపుల్లో ట్రేలు అలాగే ఉండిపోయాయి. 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ చచ్చిపోతుంది, మనం ఉడకబెట్టేది 100 డిగ్రీల దగ్గర. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికితే భయం లేదు. పచ్చి గుడ్లు పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగండి. చచ్చిన కోళ్లను ముట్టుకోకండి.

మంచి గుడ్డు, మురిగిన గుడ్డు ఎలా తెలుస్తుంది?

గిన్నెలో నీళ్లు పోసి వేయండి. అడుగున పడుకుంటే తాజాది, అడుగునే నిటారుగా నిలబడితే కొంచెం పాతది, తొందరగా వాడాలి, పైకి తేలితే పక్కన పెట్టేయండి. రోజులు గడిచేకొద్దీ పెంకు రంధ్రాల నుంచి తేమ పోయి లోపల గాలి గది పెద్దదవుతుంది, అందుకే తేలుతుంది. నేరుగా కూరలో కొట్టకుండా ముందు చిన్న గిన్నెలో కొట్టి చూసుకోవడం అలవాటు చేసుకుంటే ఒక్క మురిగిన గుడ్డు వల్ల కూరంతా పారేసే పని ఉండదు. తాజా గుడ్డును ప్లేటులో కొడితే పచ్చసొన ఉబ్బెత్తుగా నిలబడుతుంది, దాని చుట్టూ తెల్లసొన చిక్కగా గుమిగూడి ఉంటుంది, అంచున మాత్రమే పలుచగా పారుతుంది. పాతదైతే పచ్చసొన చదునుగా పడి, తెల్లసొన నీళ్లలా ప్లేటంతా పరుచుకుంటుంది.

తెచ్చిన వెంటనే కడిగి పెట్టకండి, పెంకు మీద ఉండే సహజమైన పూత పోయి సూక్ష్మక్రిములు లోపలికి దూరడం సులువవుతుంది. వండే ముందు కడిగితే చాలు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు వారాలు ఉంటాయి, డోర్‌లో కాకుండా లోపలి అరలో పెట్టండి. ఫ్రిజ్ లేనివాళ్లు ఎండాకాలం ట్రే మొత్తం కొనకుండా నాలుగైదు రోజులకు సరిపడా తెచ్చుకోండి, పగిలిన గుడ్డు సగం ధరకు ఇచ్చినా తీసుకోకండి.

గుడ్డు, పాలు, చేప కలిపి తినొచ్చా?

తినొచ్చు. తెల్లమచ్చలు వస్తాయనే మాటకు ఆధారం లేదు.

ఎవరు అసలు తినకూడదు?

గుడ్డు అలర్జీ ఉన్నవాళ్లు. ఎక్కువగా చిన్నపిల్లల్లో, తెల్లసొన వల్లే వస్తుంది, పెద్దయ్యేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. తిన్న కాసేపటికే దద్దుర్లు, ఆయాసం, పెదాలు వాయడం జరిగితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి, కేకుల్లో, బిస్కెట్లలో కూడా గుడ్డు ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఉడికిన గుడ్డు టిఫిన్ బాక్సులో ఎంతసేపు ఉంటుంది?

చల్లటి రోజుల్లో బయట రెండు గంటలు, మన ఎండల్లో గంట. ఫ్రిజ్‌లో పెంకుతో పెడితే వారం. పత్తి ఏరడానికి, మిర్చి తెంపడానికి పొద్దునే పోయేవాళ్లు గుడ్డును మధ్యాహ్నానికి దాచుకోకుండా బయలుదేరే ముందో, చేనుకు చేరగానే పొద్దుటి సద్దితోనో తినేయండి. మూట కట్టుకుపోవాల్సి వస్తే పెంకు తీయకుండా తీసుకెళ్లండి, పులుసులో వేసిన గుడ్డును ఎండలో మూత పెట్టిన బాక్సులో ఉంచొద్దు.